పిల్ల తయారుగానే ఉందన్నాను

పద్నాలుగేళ్ళ కిందట ఒక పసిదాని గురించి నేనొక మంచి మాట చెప్పాను. ఆ మాట బరువు ఇప్పటికీ మోస్తున్నాను. చెడ్డ మాట అని ఉంటే ఎప్పుడో ఎవరో ఒకరు నన్ను నిలదీసి ఉండేవారు. నేనూ ఏడ్చి, కాళ్ళావేళ్ళా పడి, ఆ గొడవ అక్కడితో తెంపేసుకునేదాన్ని. మంచి మాట చెప్పినందుకు ఎవరూ నిలదీయరు. పైగా పండగకు చీర పెడతారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చడానికి మాత్రం పూనుకోకండి. "పోనీలెండి, మీరూ మనిషే కదా" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. మనిషిని కాబట్టే చేశాను. మేకనైతే ఆ పిల్ల జోలికి పోయి ఉండేదాన్నే కాదు.

నేను పసిపిల్లల టీచర్ని. విరుదునగర్‌లో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో యూకేజీ చెబుతాను. బడి పేరు చెప్పను, నా పేరు చెప్పను, ఇక్కడ వాడే రెండు మూడు పేర్లూ అసలువి కావు. మా అత్తవారిది ఆ దగ్గర్లోనే మగ్గాల ఊరు. ఎన్ని తరాల కిందట వచ్చామో తెలియదు కానీ మేం తెలుగు నేతవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ముందు షెడ్డులో నాలుగు మరమగ్గాలు, వెనక మూడు గదులు. అత్త, మా ఆయన, నేను, మా వాడు, నా మరిది, అతని భార్య రాజి, వాళ్ళ కూతురు కోదై. కథంతా ఈ ఏడుగురిలోనే.

మరమగ్గాలున్న ఇంట్లో నోటితో పని తక్కువ. పొద్దున స్విచ్చి వేస్తే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని సైగలు. పిడికిలి గుండ్రంగా తిప్పితే నూలు కండె తెమ్మని. బొటనవేలు పెదవులకు ఆనిస్తే మంచినీళ్ళు. చెంప కింద అరచేయి పెడితే పడుకో. మొలతాడు పట్టుకుని లాగితే ఒంటికి వస్తోందని. ఇవి ఎవరూ ఎవరికీ నేర్పరు. పిల్లలకు మాటలకంటే ముందే ఇవి వచ్చేస్తాయి. పెద్దవాళ్ళు కూడా తాము చేతులాడిస్తున్నామని గమనించరు, ఊపిరి పీలుస్తున్నామని ఎవరూ గమనించనట్టే. కోడలిగా బయటినుంచి వచ్చాను కనక నేను గమనించాను. మా పుట్టింట్లో అన్నీ చేతిమగ్గాలు, మాటకు అడ్డం రావు.

గమనించాను కాబట్టే మావాడి విషయంలో జాగ్రత్తపడ్డాను. మూడేళ్ళకు మేం సైగ చేస్తే వాడు ఇల్లంతా తిరిగి ఏ వస్తువైనా తెచ్చేవాడు. కళ్ళు మూసుకోమని చెప్పి అదే మాట నోటితో అంటే బొమ్మలా నిలబడేవాడు. నాకు భయం వేసింది. రోజూ సాయంత్రం వాణ్ణి వీధి చివరిదాకా, మగ్గాల మోత వినపడని చోటికి తీసుకుపోయి మాటలు నేర్పాను. తెలుగులో కొన్ని, తమిళంలో ఎక్కువ. నాలుగు నిండాకే ఎల్కేజీలో వేశాను. నా బతుకులో నేను చేసిన సరైన పనులు లెక్కపెడితే అదొకటి. దానికే నాకు మెచ్చుకోలు రాకపోగా వెటకారం వచ్చింది.

రాజి కోవిల్‌పట్టి పిల్ల. టౌను పిల్లనని మహా గీర. నాకంటే ఏడేళ్ళు చిన్నది, నోరు మాత్రం ఇరవై ఏళ్ళు పెద్దది. ఒప్పుకోలు రాస్తున్నాను కదా అని ఆమె మీద నాకిప్పుడు ప్రేమ పుట్టుకొచ్చిందని అనుకోకండి. ఆమె అంటే నాకు అప్పుడూ పడదు, ఇప్పుడూ పడదు. మా చుట్టాలింట్లో ఒక నిశ్చితార్థానికి అందరం వెళ్ళాం. అక్కడ ఎవరో మావాడు ఏం చదువుతున్నాడని అడిగారు. నేను నోరు తెరిచేలోపు రాజి అందుకుంది. "అక్కకు అవసరమేమీ లేదు. వాడు మీసం మొలిచినంక పళ్ళికూడం పోతాడు. టీచరు బిడ్డ గదా, ఇంట్లో దా డిగ్రీ ఇచ్చేస్తారు." పళ్ళికూడమంటే బడి, 'దా' అంటే మీ 'నే' లాంటిది, తమిళం నుంచి మా మాటలో కలిసింది. పందిట్లో అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు అరగలేదు.

తర్వాత కొద్ది నెలలకే రాజి తన కూతురి మాట ఎత్తింది. విజయదశమికి బడిలో వేస్తానంది. మా వైపు ఆ రోజు బళ్ళు పసిపిల్లలను చేర్చుకుంటాయి. బియ్యంలో అక్షరం రాయించి, నోట్లో చక్కెర వేసి, అప్పటికప్పుడు పేరు రాసుకుంటారు. కోదైకి అప్పటికి రెండున్నరేళ్ళు.

మీరొకటి తెలుసుకోవాలి. నన్ను నేను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. అసలు ఇదే నా తప్పును ఇంకా పెద్దది చేస్తుంది. మొదటిసారి అడిగినప్పుడు నేను నిజమే చెప్పాను. వద్దు, పసిది, ఇంకో ఏడాదిన్నర ఆగండి అన్నాను. రెండోసారి అత్త అడిగితే అప్పుడూ అదే చెప్పాను. పిల్లకు మాట రాలేదు, సైగ మాత్రమే వచ్చు అని కూడా చెప్పాను. అత్త నన్ను వింతగా చూసింది. "ఏమి చెప్పినా తెచ్చి ఇస్తా ఉండాది గదా, ఇంకా మాట రాలేదంటావేమి?" అంది. ఆమెకు ఆ తేడా తెలియదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం రాజి పెరట్లో గిన్నెలు తోముతూ, నాకు వినపడాలనే, గోడకు చెప్పినట్టు చెప్పింది. తన పిల్ల వచ్చి అదే క్లాసులో కూర్చుంటే టీచరమ్మ కొడుకు వెనకబడిపోతాడని భయమట. అందుకే అడ్డం పడుతున్నానట.

అప్పుడు నాలో ఏదో చల్లబడింది. కోపం కాదు. కోపమైతే వేడిగా ఉండేది, రెండు మాటలు అని ఊరుకునేదాన్ని. సరే, నీకు కావాల్సింది అదే కదా, తీసుకో అనుకున్నాను. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అంటారు. నేను కొట్టబోయిన దెబ్బ కరిచినదానికి తగలదని నాకు ఆ క్షణంలో తోచలేదా? తోచింది. పిల్ల ముఖం కళ్ళముందుకు వచ్చింది కూడా. పక్కకు నెట్టేశాను.

మరిది మంచివాడు. మాట తక్కువ మనిషి. కూతురంటే ప్రాణం. వాళ్ళమ్మా పెళ్ళామూ ఎంత చెప్పినా అతనికి మనసొప్పలేదు. ఒక ఆదివారం పొద్దున వచ్చి, నువ్వు చూసి చెప్పు వదినె, నువ్వెట్ట చెప్తే అట్ట చేస్తా అన్నాడు. నేను చూస్తానన్నాను. అందరి ముందూ చూస్తానన్నాను.

షెడ్డుకూ ఇంటికీ మధ్య గడప మీద కూర్చున్నాను. మగ్గాలు ఆడుతున్నాయి. కోదైని ఎదురుగా నిలబెట్టుకున్నాను. ఎర్ర డబ్బా తీసుకురా అని తమిళంలో అన్నాను, గడ్డంతో డబ్బా వైపు చూపించాను. తెచ్చింది. రెంటిలో పెద్ద కండె ఏది అన్నాను, ఒళ్ళో పెట్టుకున్న చేతులు కొంచెం ఎడంగా జరిపాను. పెద్దది తెచ్చి ఇచ్చింది. మూడంటే ఎన్ని అన్నాను, మోకాలి మీద మూడు వేళ్ళు చాపాను. తనూ మూడు వేళ్ళు చూపించింది. వాళ్ళకు కనపడింది నా పెదవులు కదలడం, పిల్ల చురుగ్గా చేసేయడం. మోతలో నా మాట వాళ్ళకే సరిగా వినపడలేదు, ఇక పిల్లకు ఏం వినపడుతుంది? నా చేతుల వంక ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో చేతులాడడం ఎవరి కంటికీ ఆనదు. ఆనదని నాకు తెలుసు. అందుకే మగ్గాలు ఆపమనలేదు.

"పిట్ట కొంచెం, కూత ఘనం" అని అత్త మురిసిపోయింది. పిట్ట కూసిందెక్కడ? ఆ పావుగంటలో పిల్ల నోటినుంచి ఒక్క మాట రాలేదు. రాజి నావైపు గెలిచినదానిలా చూసింది.

మరిది మాత్రం వెళ్ళి నాలుగు మగ్గాలూ ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కోదై ఉలిక్కిపడి నా కొంగు పట్టుకుంది. పుట్టినప్పటినుంచి ఆ మోతలోనే పడుకుని లేచిన పిల్ల. మోత ఆగితే భయం. కరెంటు పోతే నిద్రలోంచి లేచి ఏడ్చేది. మరిది వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆ మాటలు నాకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"వదినె, ఒక మాట నిజంగా చెప్పు. రాజి చెప్తా ఉండాదని గాదు, అమ్మ చెప్తా ఉండాదని గాదు. దీనికి రెండున్నర దా. ఆడ పోయి నిలబడతాదా?"

"నిలబడతాది."

"మనోణ్ణి నాలుగు నిండినంక దా వేస్తివి నువ్వు."

"వాడు వేరే, ఇది వేరే. ఇది శానా చురుకు."

"ఏడిస్తే?"

"నేను ఆడ దా ఉంటా గదా."

అతను కూతురి తల నిమిరాడు. పిల్ల ఇంకా నా కొంగు వదల్లేదు. "అట్టయితే తయారు దా అంటావా?"

"తయారుగానే ఉండాది. వెయ్యి."

"నువ్వు చెప్తే సరి" అని లేచి మగ్గాలు ఆన్ చేశాడు.

చూశారా, అతను నాకు దారి ఇచ్చాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ప్రతి ప్రశ్నా ఒక తలుపే. నేను ఒక్కో తలుపూ నా చేత్తోనే మూసుకుంటూ వచ్చాను.

విజయదశమి రోజు బడిలో ప్రిన్సిపాల్ మేడం వయసు చూసి సందేహించింది. మా ఇంటి పిల్లే, నా పూచీ అన్నాను. మేడం నాలుగు ప్రశ్నలు అడిగింది. నేను మేడం కుర్చీ వెనక నిలబడ్డాను. ఎందుకు అక్కడ నిలబడ్డానో మీకు చెప్పక్కర్లేదు. సాయంత్రం రాజి శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్కా, నిన్ను తప్పుగా అనుకుంటిని" అంది, కళ్ళు కిందికి దించుకుని. ఆమె నాతో అలా మాట్లాడడం అదే మొదలు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నేను పాలకోవా తిన్నాను. బాగానే ఉంది.

ఎల్కేజీ మిస్ చెడ్డదేమీ కాదు. ముప్పై మంది పిల్లలతో వేగుతున్న మనిషి. నా క్లాసుకూ ఆమె క్లాసుకూ మధ్య ఉన్నది చెక్క తడిక. అన్నీ వినపడేవి. కోదై మొదట్లో అరిచేది. మగ్గాల ఇంటి పిల్ల గొంతు అంతే ఉంటుంది, పెద్దది. అరవొద్దని మిస్ కసిరేది. రెండు వారాలకు అరవడం మానేసింది. ఆ తర్వాత ఆ గొంతే వినపడలేదు. మిస్ ఏదైనా చెబితే ముఖం చూడదు, చేతులు చూస్తుంది. మిస్ చేతిలో సుద్దముక్క ఏ వైపు తిరిగితే ఆ వైపు లేచి పోతుంది. కూర్చోమంటే నిలబడుతుంది. స్టాఫ్ రూములో మిస్ నవ్వుతూ చెప్పింది, మీ ఇంటి పిల్ల నా చెయ్యి చూస్తుంది కానీ నా మాట వినదు అని. నేనూ నవ్వాను.

ఒకరోజు తడిక సందులోంచి చూశాను. కోదై లేచి నిలబడి, గౌను పైకెత్తి మొలతాడు పట్టుకుని లాగుతోంది. మిస్ చూసి, సిగ్గు లేదా అని చేతి మీద ఒకటి వేసింది. పిల్ల మళ్ళీ లాగింది. మళ్ళీ దెబ్బ. తర్వాత బెంచీ కింద తడి. పిల్లలంతా ముక్కులు మూసుకున్నారు. నేను ఒక్క మాట చెబితే అయిపోయేది. మిస్, అట్లా లాగితే ఒంటికి అని అర్థం. అంతే. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పక్క బెంచీలోనే మావాడు కూర్చుని ఉన్నాడు. ఇంటికి వచ్చాక, చెల్లి ఎందుకు లాగుతుందో మిస్‌కు చెప్పనా అని నన్ను అడిగాడు. నీ పని నువ్వు చూసుకో అన్నాను. వాడికి నాలుగేళ్ళు. నాలుగేళ్ళ వాడికి తెలిసిన న్యాయం నాకు తెలియలేదని చెప్పుకుంటే బాగుంటుంది కానీ, అది అబద్ధం. తెలుసు.

నేను ఏం కోరుకున్నాను? ఇది నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. పిల్ల పది రోజులు ఏడుస్తుంది, పదకొండో రోజు రాజి తల దించుకుని బ్యాగు సర్దుకుని ఇంటికి తీసుకుపోతుంది, నేను వాకిట్లో నిలబడి ఏమీ అనకుండా చూస్తాను. అదే నేను కోరుకున్నది. ఆ ఏమీ అనకపోవడంలో ఉండే రుచి కోసమే ఇదంతా. కానీ రాజి తీసుకుపోలేదు. ఎందుకు తీసుకుపోతుంది? టీచరక్క చూసి తయారని చెప్పింది కదా. పిల్ల ఏడిస్తే మొండితనం అనుకుంది. పక్క తడిపితే పొగరు అనుకుంది. నేను రాజిని కొడదామనుకున్న దెబ్బను రాజి పక్కకు తప్పుకుని పిల్ల మీద పడనిచ్చింది. ఇక్కడ కూడా నేను రాజిని తిడుతున్నాను, చూడండి. అలవాటు.

మరుసటి ఏడాది కోదై నా క్లాసుకు వచ్చింది.

ఇది చెప్పడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది. మిగతాది ఎవరికైనా చెప్పగలిగేదాన్నేమో. మొదటిరోజు నన్ను చూడగానే ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి బొటనవేలు పెదవులకు ఆనించింది. మంచినీళ్ళు. ఆర్నెల్లకుపైగా నోరు తెరవని చోట, తన భాష తెలిసిన మనిషి దొరికింది. నేను ఏం చేశానో తెలుసా? రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. నోటితో అడుగు అన్నాను, తమిళంలో. పెద్దమ్మా అనబోతే మిస్ అను అన్నాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల ఉన్నంతసేపు చేతులు వెనక్కి కట్టుకునే పాఠం చెప్పాను. సైగలు ఆపితే మాటలు వస్తాయని నాకు నేను చెప్పుకున్నాను. శిక్షణలో నేర్చుకున్న పెద్ద పెద్ద కారణాలు వల్లించుకున్నాను. అసలు సంగతి అది కాదు. నేను ఒక్క సైగ చేసి, పిల్ల దానికి పలికి, పక్కన ఎవరైనా చూస్తే, ఆదివారం పొద్దున గడప మీద ఏం జరిగిందో బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా చేతులు దాచుకున్నాను. మావాణ్ణి వీధి చివరికి తీసుకుపోయి మాటలు నేర్పినదాన్ని, ఈ పిల్లను ఒక్క సాయంత్రమైనా తీసుకుపోలేదు.

ఏడాది చివర ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచింది. ఈ పిల్ల నాలుగేళ్ళదే కదా, ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచితే పుంజుకుంటుంది, మీరేమంటారు అని అడిగింది. మంచి సలహా. దేవుడు ఇంకో తలుపు తెరిచాడు. కానీ ఉంచితే ఇంట్లో అడుగుతారు, నువ్వే కదా తయారన్నావు, మరి ఇదేంటి అని. అప్పటికి మా వీధిలో నాకొక పేరు వచ్చింది. పిల్లను బడిలో వేయాలంటే ముందు టీచరమ్మకు చూపించాలి అని. ఆ పేరు నాకు ఇష్టంగా ఉంది. ఒకటో తరగతికి పంపవచ్చునని రాసి సంతకం పెట్టాను. మొదటిసారి పగతో చేశాను, రెండోసారి పరువు కోసం చేశాను. ఈ రెంటిలో ఏది ఎక్కువ నీచమో మీరే తేల్చుకోండి, నాకు తెగలేదు.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసినదే. తనకంటే ఏడాదిన్నర, రెండేళ్ళు పెద్ద పిల్లల మధ్య కూర్చుని, కోదై ఎప్పుడూ చివర. మూడో తరగతికి 'మక్కు' అనే పేరు అంటుకుంది. మక్కు అంటే మొద్దు. మొదట బడిలో అన్నారు, తర్వాత వీధిలో, తర్వాత ఇంట్లో. రాజి రోజూ పొద్దునే సరస్వతి ఆకు నూరి ఉండ చేసి మింగించేది, బుర్ర పెరుగుతుందని. పిల్ల వాంతి చేసుకుంటే మళ్ళీ మింగించేది. మరిది ఒకరోజు కూతురి రిపోర్టు కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కార్డు నా ముందు పెట్టి, "నువ్వు ఎంతో చేస్తివి వదినె, దీని తలరాత అట్ట ఉండాది" అని లేచి పోయాడు.

నేను వద్దని ఉంటే, పిల్ల వెనకబడ్డా, పసిది పాపం, తొందరపడి వేశారు అనేవాళ్ళు. నేను తయారని చెప్పాను కాబట్టి తప్పంతా పిల్లదే అయింది. ఆ ఒక్క మాటతో నేను ఆ పిల్లకు సాకు లేకుండా చేశాను.

కోదై పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లు తప్పింది. ఇప్పుడు కోవిల్‌పట్టిలో అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. పగలు వేరుశనగ మిఠాయిలు కాగితంలో చుట్టే పని. చేతులు చాలా చురుకని అక్కడ అందరూ మెచ్చుకుంటారట. మావాడు ఇంజినీరింగుకు వెళ్ళాడు. ఎవరూ ఇద్దరినీ పోల్చకుండా ఉండలేరు, నా ముందైతే మరీ. రాజి ఇప్పటికీ నాకు ఏటా చీర పెడుతుంది. నేను తీసుకుంటాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది కదా.

పోయిన నెల కోదై సెలవు మీద వచ్చింది. సరిగ్గా ఆ పొద్దునే పక్కింటివాళ్ళు తమ పిల్లాణ్ణి తెచ్చి నా ముందు కూర్చోబెట్టారు. మూడు నిండలేదు. ఈ దసరాకు వేయవచ్చా, మీరు చూసి చెప్పండి అన్నారు. కోదై నా పక్కనే కూర్చుని ఆ పిల్లాడి బుగ్గలు నొక్కుతోంది. నవ్వుతూనే అంది, ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఎత్తిపొడుపై ఉంటే నాకు ఎంత బాగుండేది.

"నన్ను కూడ పెద్దమ్మ దా చూసి తయారని చెప్పిరంట. పెద్దమ్మ చెప్పీ నాకు చదువు రాలేదంటే, నా బుర్ర ఎట్టాంటి బుర్రో చూసుకోండి."

పక్కింటివాళ్ళు నవ్వారు. నేను ఆ పిల్లాణ్ణి ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచమన్నాను. వాళ్ళ ముఖాలు మాడిపోయాయి. అదంతా అయ్యాక కోదై లోపలికి పోయి నాకు టీ పెట్టి తెచ్చింది. దానికి నామీద గౌరవం. ఇంట్లో అందరికంటే నన్నే ఎక్కువ గౌరవిస్తుంది. మిగతావాళ్ళు తనను మక్కు అంటారు, పెద్దమ్మ ఒక్కతే తనను ఎప్పుడూ అనలేదు. ఆ మాట ఆ పిల్లే నాతో అంది. అననిది నిజమే. నేను ఎలా అంటాను?

టీ గ్లాసు చేతిలో పట్టుకుని చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అప్పుడే అవతల మరిది మగ్గాలు ఆన్ చేశాడు. మోత మొదలైంది కాబట్టి చెప్పలేకపోయానని మీకు చెప్పవచ్చు. మోత ఒక సాకు. ఆ ఇంట్లో నేను ఎప్పుడూ మోత చాటునే ఏదో ఒకటి చేస్తూ వచ్చాను. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేశాను.

ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. ఎట్టయాపురం వైపు మా పుట్టింట్లో తాతకు అక్షరాలు వచ్చు. ఆయన నాకు నేర్పాడు. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివి నేను నిలుపుకున్నాను. ఈ కాగితాలు నా బీరువాలో చీరల మీద పెట్టినా రాజి ముట్టుకుని పక్కన పెడుతుంది. మరిది చూసినా, మా వదినె ఏదో రాసుకుంటుంది అనుకుంటాడు. కోదై చేతికిచ్చినా తిప్పి తిప్పి చూసి, ఇది నాకు రాదు పెద్దమ్మా అంటుంది. మళ్ళీ తనకే రాదనుకుంటుంది. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు. ధైర్యమున్నదైతే తమిళంలో రాసేది. ఇంకా ధైర్యమున్నదైతే అసలు రాయదు, బస్సెక్కి కోవిల్‌పట్టి పోయి ఎదురుగా కూర్చుని చెబుతుంది. చెబుతానని మీకు మాటివ్వడం లేదు. నా మాట విలువ ఎంతో మీకు తెలిసిందిగా.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగాల్సిన మనిషి ఒక్కతే, ఆమె చదవలేని చోట దాక్కుని అడగడం క్షమాపణ కాదు. కానీ పద్నాలుగేళ్ళలో ఈ మాట ఇవాళే మొదటిసారి నాలోంచి బయటికి వచ్చింది. కాగితం మీద నా చేత్తో రాసి ఉంది, ఈ ఇంట్లో నేనే చదవగలను. రాశాక ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. ఆ సులువు కూడా నాకు దక్కాల్సింది కాదేమో. దక్కింది, తీసుకుంటున్నాను.

కోదై మక్కు కాదు. ఎప్పుడూ కాదు. ఆ ఆదివారం పొద్దున నా కొంగు పట్టుకుని నిలబడినప్పుడు ఆ పిల్లకు రెండున్నరేళ్ళు, అంతే. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.